ల్యాబులో రీడింగులు రాసేది ఎప్పుడూ అమ్మాయిలేనా?

తొమ్మిదోక్లాసు_అమ్మ
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మొన్న రాత్రి దాని సైన్స్ రికార్డుకి అట్ట వేస్తూ ఊరికే అడిగాను, ఇన్ని ప్రయోగాల్లో నీ చేత్తో చేసినవి ఎన్నే అని. "ఒక్కటి. ఆ రోజు మా గ్రూపులో అబ్బాయి రాలేదు" అంది. మొత్తం ఎనిమిది ప్రయోగాలు. మిగతా ఏడింట్లో దీని పని పక్కన నిలబడి రీడింగులు రాయడం. "నీ దస్తూరి బాగుంటుంది, నువ్వు రాయి" అంటారట. రికార్డు నిజంగానే ముత్యాలు పేర్చినట్టుంది. బర్నర్ వెలిగించడం మాత్రం దానికి రాదు.

ఆటల సంగతీ అంతే. సాయంత్రం గంటన్నర ఆటల టైము. ముందు అబ్బాయిల ఫుట్‌బాల్. అది అయ్యాక, వెలుతురు మిగిలితే, చివర్లో ఓ ఇరవై నిమిషాలు అమ్మాయిలకి. వ్యాయామం సారుని అడిగితే "ఎవరూ వద్దనలేదమ్మా, వాళ్లే రారు" అన్నారు.

ఎవరూ తిట్టలేదు, ఆపలేదు. అందుకే ఏమని ఫిర్యాదు చేయాలో తోచట్లేదు. నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా?

రెండో_బెంచి
ఎక్కువేం కాదు. బళ్లో మా గ్రూపు రికార్డులన్నీ నేనే రాశాను. డిగ్రీలో మొదటి ప్రాక్టికల్ రోజు మైక్రోస్కోపు ఫోకస్ చేయమన్నారు. పెద్ద మర ముందు తిప్పాలా, చిన్నదా తెలీదు. కంటితో పైనుంచి చూస్తూ దించుకుంటూ పోయాను. లెన్సు వెళ్లి స్లైడుకి ఆని, స్లైడు టప్పుమని పగిలింది. వెనకనుంచి "ఆడపిల్లలకి మిషన్లు అబ్బవు" అన్న మాట వినపడింది. అన్నేళ్లలో ఒక్కసారైనా నన్ను ముట్టుకోనిస్తే కదా అబ్బడం అబ్బకపోవడం తెలిసేది! ఆ జవాబు అప్పుడు నోటికి రాలేదు. ఇరవై ఏళ్లయింది, ఆ చప్పుడు మాత్రం ఇంకా చెవిలోనే ఉంది.

హాస్టల్_గది_9
మా దగ్గర రికార్డుతో పాటు గాజు సామాను కడగడం కూడా అమ్మాయిలే.

మిడిల్‌స్టంప్
నాది వేరే మాట. రీడింగులు రాయడం తక్కువ పని అని ఎందుకనుకోవాలి? 1967లో ఖగోళశాస్త్ర విద్యార్థిని జోస్లిన్ బెల్ పల్సార్లని, అంటే లయగా రేడియో సంకేతాలు పంపే నక్షత్రాలని, పట్టుకుంది రీడింగులు చూసే కదా. రోజుకి వంద అడుగుల దాకా వచ్చే చార్టు కాగితాన్ని కళ్లు చిట్లించి వెతికింది. అంత కాగితంలో ఎక్కడో పావు అంగుళం మేర గీత తేడాగా ఉందని కనిపెట్టింది. ఓపిగ్గా రాసేవాళ్లే, చూసేవాళ్లే సైన్సులో పైకొస్తారు.

పిప్పెట్
మిడిల్‌స్టంప్ గారూ, ఆ కథలో మొదటి సగం వదిలేశారు. ఆ చార్టు ఏ రేడియో టెలిస్కోపులోంచి వచ్చిందో దాన్ని కట్టినవాళ్లలో ఆవిడ ఒకరు. కేంబ్రిడ్జి దగ్గర నాలుగెకరాల పైచిలుకు పొలంలో వెయ్యికి పైగా గుంజలు పాతి, వాటి మీద తీగలు లాగి, రెండేళ్లు ఒళ్లొంచి పనిచేశారు. పీహెచ్‌డీ పూర్తయ్యేసరికి తనకు పెద్ద సుత్తి ఎత్తి కొట్టడం వచ్చేసిందని ఆవిడే చెప్పుకున్నారు. ఏ తీగ ఎక్కడ అతికిందో చేతులకి తెలుసు గనకే, ఆ గీత పరికరం చేసే అల్లరి అని కొట్టిపారేయకుండా పట్టుబట్టి వెంటపడ్డారు. 1974లో నోబెల్ మాత్రం ఆవిడ గైడుకీ, ఇంకో ప్రొఫెసరుకీ వచ్చింది.

ఈ పిల్లకి చార్టు ఒక్కటే ఇస్తున్నారు. సుత్తి కూడా ఇవ్వాలి కదా.

హాస్టల్_గది_9
ఇన్నేళ్లలో ఈ వేదిక మీద సుత్తి పనికొచ్చింది ఇదే మొదటిసారి 😄

మిడిల్‌స్టంప్
సుత్తి సంగతి నాకు తెలీదు. ఒప్పుకుంటున్నా. ల్యాబు విషయంలో వంతులు పెట్టడం న్యాయమే. కానీ గ్రౌండు వేరు. ముప్ఫైమంది అబ్బాయిలు వస్తారు, నలుగురు అమ్మాయిలు వస్తారు. సారు ఎవరికివ్వాలి? వచ్చేవాళ్లకే కదా. ఇష్టం లేనివాళ్లని లాక్కొచ్చి ఆడించలేం.

పరుగు42
"వాళ్లే రారు" అన్న మాట ఆటల చరిత్ర అంత పాతది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి మొదటిసారి 800 మీటర్లు పెట్టారు. ఫైనల్లో తొమ్మిదిమంది పరిగెత్తారు, తొమ్మిదిమందీ పూర్తిచేశారు. గెలిచిన లీనా రాడ్కెది ప్రపంచ రికార్డు. పత్రికలేమో సగంమంది కుప్పకూలిపోయారని రాశాయి. రేసు అయ్యాక ఎవరైనా ఆయాసంతో గడ్డి మీద వాలతారు, మగవాళ్లూ వాలతారు. ఆ రాతల పుణ్యమాని ఆ పందెం మళ్లీ 1960 దాకా లేదు. 32 ఏళ్లు! ఆ మధ్యలో పుట్టి పెరిగిన అమ్మాయిలు 800 మీటర్లకి "రాలేదు" మరి.

ఒలింపిక్స్‌లో మారథాన్ చూడండి. మగవాళ్లకి 1896 నుంచి ఉంది. ఆడవాళ్లకి 1984లో వచ్చింది. జోన్ బెనాయిట్ 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో ముగించింది. అంతకుముందు 1967లో బోస్టన్‌లో క్యాథరిన్ స్విట్జర్ కె.వి. స్విట్జర్ అని పేరిచ్చి 261 నంబరుతో పరిగెడుతుంటే, నిర్వాహకుడొకాయన వెంటపడి ఆ నంబరు లాగేయబోయాడు. పక్కన పరిగెత్తే స్నేహితుడు ఆయన్ని తోసేస్తే పరుగు సాగింది. ఈత చూస్తే 1500 మీటర్ల ఫ్రీస్టయిల్ మగవాళ్లకి 1908లో మొదలైంది, ఆడవాళ్లకి 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో పెట్టారు.

నేను మొదటి మారథాన్ పరిగెత్తింది 42వ ఏట. బళ్లో ఉండగా నాకు 100 మీటర్ల కంటే దూరం ఎవరూ పెట్టలేదు. నాకు దూరం పరిగెత్తడం ఇష్టమని తెలియడానికి ఇంకో ముప్ఫై ఏళ్లు పట్టింది.

లెక్కతేలాలి
పరుగు42 గారి మాటకి తోడు మనందరికీ తెలిసిన సంగతి ఒకటి. కరణం మల్లేశ్వరి 2000 సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి వెయిట్‌లిఫ్టింగ్ పెట్టిందే ఆ ఏడాది. అంతకుముందే ఆమె రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్. నాలుగేళ్ల ముందు అట్లాంటాలో ఆ పోటీ ఉండి ఉంటే? ఆమె బలానికి లోటు లేదు, అట్లాంటాలో బార్ ముందు నిలబడే చోటే లేదు.

వెన్నెల_నాన్న
మిడిల్‌స్టంప్ అన్నా, నలుగురే వస్తున్నారన్న లెక్క నేనూ చెప్పేవాడిని. ఏడాది పాటు మా పాప బళ్లో సాయంత్రాలు గట్టు మీద కూర్చుని చూశాక మానేశాను. చివరి ఇరవై నిమిషాలంటే ఏమిటో చూడండి. బట్టలు మార్చుకునే గదికి తాళం. తాళంచెవి ఆఫీసులో. వెళ్లి అడిగి, తెచ్చి, మార్చుకుని వచ్చేసరికి ఎనిమిది నిమిషాలు. బంతి అబ్బాయిల దగ్గర. వాళ్లు ఇచ్చేసరికి ఇంకో మూడు. మిగిలింది తొమ్మిది. తొమ్మిది నిమిషాల కోసం ఎవరొస్తారన్నా?

తర్వాత ఏడాది కొత్త మేడం వచ్చారు. మంగళ, శుక్రవారాలు మొదటి నలభై నిమిషాలు అమ్మాయిలవే అన్నారు. గది ముందే తీసి ఉంచేవారు. మొదటివారం ఐదుగురు. మూడు నెలలకి రెండు జట్లు చేసి, ఇంకా బయట కూర్చునేవాళ్లు మిగిలారు. పిల్లలు వాళ్లే, గ్రౌండు అదే.

మిడిల్‌స్టంప్
తాళంచెవి సంగతి నేను ఆలోచించలేదు. సరే.

నీలిసిరా
తాళంచెవితో పాటు ఇంకోటి, ఎవరూ పైకి అనరు గనక నేనంటాను. నెలసరి రోజులు. తెల్ల నిక్కరు యూనిఫారం. పదమూడేళ్ల పిల్ల గ్రౌండులో పరిగెత్తుతూ ప్రతి రెండు నిమిషాలకోసారి వెనక్కి తిరిగి చూసుకుంటుంది. నేను అలాగే ఆడాను, అలాగే మానేశాను. వింబుల్డన్‌లాంటి చోటే 2023 టోర్నమెంటు నుంచి గానీ ఆడవాళ్లని లోపల ముదురురంగు షార్ట్స్ వేసుకోనివ్వలేదు. అదే ఏడాది ఇంగ్లండ్ మహిళల ఫుట్‌బాల్ జట్టు తెల్ల షార్ట్స్ వదిలి నీలం వేసుకుంది. అంత పెద్ద క్రీడాకారిణులకే నోరు తెరిచి అడగడానికి అన్నేళ్లు పట్టింది. తొమ్మిదో తరగతి పిల్ల ఏం అడుగుతుంది?

తొమ్మిదోక్లాసు_అమ్మ గారూ, సారుని అడిగేవాటిలో షార్ట్స్ రంగు కూడా చేర్చండి.

తొమ్మిదోక్లాసు_అమ్మ
నీలిసిరా గారూ, ఇది చదివి మా అమ్మాయిని అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అమ్మా, నువ్వు అడుగుతావా? నేనైతే అడగలేను" అంది.

రెండో_బెంచి
ఒళ్లు జలదరించింది. అడగండి.

ఆరడుగులు
పెద్ద స్థాయిలో మాత్రం ఇప్పుడు సమానమే కదా? 2024 పారిస్‌లో ఆడ, మగ కోటా సగం సగం. 1900లో అదే పారిస్‌లో 997 మందిలో 22 మంది ఆడవాళ్లు. ఇంకేం కావాలి?

పరుగు42
సంతోషించాల్సిన విషయమే, నేను ఆ రోజు ఏడ్చినంత పనిచేశాను. కానీ ట్రాక్ పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడేవాళ్లని చూడండి. టోక్యోలో కోచ్‌లలో ఆడవాళ్లు 13 శాతం.

లెక్కతేలాలి
దీంట్లో ఒక వింత మలుపు ఉంది. అమెరికాలో 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడ, మగ తేడా చూపకూడదని ఆ నిబంధన. ఇంగ్లీషులో 37 పదాలు, ఆటలన్న మాటే అందులో లేదు. అయినా హైస్కూలు ఆటల్లో అమ్మాయిలు 3 లక్షల లోపు ఉన్నవాళ్లు 30 లక్షలు దాటారు. "వాళ్లే రారు" అన్నదానికి ఇంతకంటే జవాబు ఏముంటుంది?

మలుపు ఏంటంటే, ఆ చట్టానికి ముందు కాలేజీ మహిళా జట్లకి 90 శాతానికి పైగా కోచ్‌లు ఆడవాళ్లే. డబ్బూ జీతమూ వచ్చాక ఆ ఉద్యోగాలకి మగవాళ్లు వచ్చారు. ఇప్పుడు సగం కూడా ఆడవాళ్లు లేరు. పిల్లలకి తలుపు తీశారు, వాళ్లకి ఆట నేర్పుతూ వచ్చిన ఆడవాళ్లని పక్కకి జరిపారు.

ఆరడుగులు
ఇది నిజంగా తెలీదు. అయినా డబ్బు విషయంలో నాకో అభ్యంతరం ఉంది. చూసేవాళ్లు ఎక్కువుంటే డబ్బు ఎక్కువ. మహిళల మ్యాచ్‌లకి జనం రారు, సమాన జీతం ఎక్కడినుంచి వస్తుంది? టెన్నిస్ గ్రాండ్‌స్లామ్‌లలో మగవాళ్లు ఐదు సెట్ల దాకా ఆడతారు, ఆడవాళ్లు మూడు. బహుమతి మాత్రం సమానం.

వెన్నెల_నాన్న
మళ్లీ "రారు". జనం వస్తే ఏం చేశారో చెప్తా వినండి. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో మహిళల ఫుట్‌బాల్ మ్యాచ్‌కి 53,000 మంది వచ్చారు. డిక్ కెర్ లేడీస్ అని ఫ్యాక్టరీ అమ్మాయిల జట్టు. ఏడాది తిరక్కుండా, 1921 డిసెంబరులో, ఫుట్‌బాల్ ఆడవాళ్లకి తగదని చెప్పి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తన మైదానాలన్నీ వాళ్లకి మూసేసింది. ఆ నిషేధం దాదాపు 50 ఏళ్లుంది. ఆ 50 ఏళ్లలో మగవాళ్ల ఆటకి స్టేడియాలు, టీవీ, అభిమానులు, తాతల కాలం నుంచి వచ్చే క్లబ్బు ప్రేమ అన్నీ పెరిగాయి. అవతలివాళ్లని పరుగుపందెంలో కట్టేసి ఉంచి, ఇప్పుడు వెనకబడ్డారంటే ఎలా?

నీలిసిరా
సెట్ల గురించి: ఐదు సెట్లు ఆడతాం అని ఆడవాళ్లు చెప్పిన సందర్భాలున్నాయి, నిర్వాహకులే మూడు చాలన్నారు. యూఎస్ ఓపెన్ 1973 నుంచే సమానంగా ఇస్తోంది. వింబుల్డన్ 2007లో మొదలుపెట్టింది. ఆ టోర్నమెంట్లు ఏమీ చితికిపోలేదు.

ఆరడుగులు
ఫుట్‌బాల్ ముక్క నాకు కొత్త. నా అభ్యంతరం పూర్తిగా పోలేదు గానీ "జనం రారు" అని ఇకమీద తేలిగ్గా అనను.

పిప్పెట్
మళ్లీ ల్యాబుకి వద్దాం. "సైన్సులో పేరు చూడరు, పని చూస్తారు" అంటారు. 2012లో ఒక అధ్యయనం చేశారు. ల్యాబ్ మేనేజర్ ఉద్యోగానికి ఒకే దరఖాస్తుని 127 మంది సైన్స్ ప్రొఫెసర్లకి పంపారు. సగంమందికి జాన్ అన్న పేరుతో, సగంమందికి జెన్నిఫర్ అన్న పేరుతో. అక్షరం తేడా లేదు. జాన్‌కి 30 వేల డాలర్ల పైన ఇవ్వొచ్చన్నారు, జెన్నిఫర్‌కి 26,500 చాలన్నారు. ఇక్కడ గుండె కలుక్కుమనే సంగతి, ఆడ ప్రొఫెసర్లూ అచ్చం అలాగే అన్నారు.

మిడిల్‌స్టంప్
దానికి ఎదురు అధ్యయనం కూడా చెప్పాలి కదా. 2015లో ప్రొఫెసర్ ఉద్యోగాలకి ఊహాజనిత అభ్యర్థులని ఇచ్చి అడిగితే, ఆడవాళ్లనే రెండింతలు ఎక్కువమంది ఎంచుకున్నారు. ఒకదాన్నే పట్టుకుని తీర్పు చెప్పలేం.

పిప్పెట్
అది సరైన మాటే. నాకు తెలుసు ఆ పేపరు. కాకపోతే అందులో అభ్యర్థులందరూ అద్భుతమైనవాళ్లని ముందే చెప్పేశారు. నా ల్యాబులో చూసింది ఏంటంటే, అద్భుతంగా ఉన్న అమ్మాయికి ఢోకా లేదు. ఫరవాలేదనిపించే అబ్బాయికి "నేర్చుకుంటాడులే" అంటారు, ఫరవాలేదనిపించే అమ్మాయికి ఆ "లే" ఉండదు. 2012 పేపరులో ఇచ్చిన దరఖాస్తు కూడా అలాంటి మధ్యరకం విద్యార్థిదే.

అసలు రుజువు కావాలంటే హబుల్ టెలిస్కోపు చూడండి. టైము అడిగేవాళ్లు వేలల్లో గంటలు అడుగుతారు, దొరికేది కొంచెం. ఏళ్ల తరబడి మగవాళ్లు నడిపే ప్రతిపాదనలకే విజయశాతం కాస్త ఎక్కువ వచ్చేది. 2018లో పేర్లు పూర్తిగా తీసేసి చదివించారు. ఆ సారి మొదటిసారిగా ఆడవాళ్ల శాతం కాస్త పైన నిలిచింది. నక్షత్రాలు అవే, పేరు లేదంతే.

కెమిస్ట్రీ_టీచరు
పద్దెనిమిదేళ్లుగా ల్యాబు చూస్తున్నాను. ఈ థ్రెడ్ మొదటి పోస్టు చదివి రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. "నీ దస్తూరి బాగుంటుంది, నువ్వు రాయమ్మా" అని నేనే ఎన్నిసార్లు అన్నానో. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను.

నిన్న మా ల్యాబులో కూర్చుని మాట్లాడకుండా లెక్కపెట్టాను. ఆరు గ్రూపులు. నలభై నిమిషాలు. పరికరం మీద మొదట చెయ్యి వేసింది ఆరింటిలో ఐదు చోట్ల అబ్బాయి. ఒక అమ్మాయి బీకరు పట్టుకోబోయి, పక్కవాడు "ఇటివ్వు, కాలుతుంది" అంటే ఇచ్చేసింది. వాడు మంచి పిల్లాడే, ప్రేమగానే అన్నాడు. బీకరు చల్లగా ఉంది. ఇంకా బర్నరే వెలిగించలేదు.

ఈ వారం నుంచి గోడ మీద అట్టముక్క పెట్టాను. నాలుగు వంతులు: చేసేవాళ్లు, రీడింగు చూసేవాళ్లు, రాసేవాళ్లు, కడిగేవాళ్లు. ప్రతి క్లాసుకి ఒక గడి జరగాలి. హాస్టల్_గది_9 గారూ, కడగడం చేర్చింది మీ పోస్టు చూసే. మొదటి రోజు కొంచెం గోల అయింది. ఒక అబ్బాయి రాసిన రీడింగులు నాకు చదవడం రాలేదు, మళ్లీ రాయించాను. వాడి దస్తూరీ బాగుపడాలి కదా.

తొమ్మిదోక్లాసు_అమ్మ గారూ, మీరు బడికి వెళ్లేటప్పుడు "వివక్ష" అన్న మాటతో మొదలుపెట్టకండి, మాలాంటివాళ్లం వెంటనే తలుపులు వేసుకుంటాం. అంకెలతో వెళ్లండి. ఎనిమిదిలో ఒకటి. తొంభైలో ఇరవై. అంకెకి ఎదురు చెప్పడం కష్టం.

రెండో_బెంచి
టీచరు గారూ, మా ల్యాబులో మీరు ఉండి ఉంటే ఆ స్లైడు పగిలేది కాదు.

మిడిల్‌స్టంప్
"వివక్ష" అనకండి అన్నది నాకు నచ్చింది.

నీలిసిరా
నాకు నచ్చలేదు. ఉన్నదాన్ని ఉన్న పేరుతో పిలవడానికి కూడా వాళ్ల మనసు చూడాలా? జీవరసాయన శాస్త్రవేత్త కమలా సొహోనీ 1933లో బెంగళూరులోని సైన్సు పరిశోధన సంస్థ ఐఐఎస్‌సీలో సీటు అడిగితే, ఆడపిల్లలని తీసుకోనని సి.వి. రామన్ అన్నారు. ఆవిడ అంకెలు చూపించలేదు. కారణం చెప్పమని నిలదీసి కదలకుండా కూర్చుంది. షరతులు పెట్టి చేర్చుకున్నారు. 1939లో కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ. మర్యాదగా అడిగితే ఎదురుచూడమంటారు.

కెమిస్ట్రీ_టీచరు
నీలిసిరా గారూ, మీ కోపం నాకు అర్థమవుతుంది, ఆవిడ చేసింది సరైనదే. కానీ ఆవిడ తన సీటు కోసం కూర్చుంది. ఇక్కడ అమ్మ వచ్చి వెళ్లాక, ఆ సారు దగ్గర రోజూ ఉండాల్సింది పిల్ల. నేను ఆలోచించింది అది.

నీలిసిరా
అంకెలు తీసుకెళ్లండి. వినకపోతే పేరు పెట్టి అడగండి. ఇంతకంటే తగ్గను.

కొలత_టేపు
పెద్దగా చెప్పుకోని కోణం, సైజులు. 2019 మార్చిలో ఇద్దరు ఆడ వ్యోమగాములు కలిసి స్పేస్‌వాక్ చేయాల్సింది. మీడియం సైజు సూటు పైభాగం ఒక్కటే సిద్ధంగా ఉందని ఒకరిని మార్చారు. చివరికి అక్టోబరులో క్రిస్టీనా కోచ్, జెస్సికా మెయిర్ చేశారు. మా చెల్లెలు ఫుట్‌బాల్ ఆడుతుంది, మగపిల్లల బూట్లే చిన్న సైజు కొనుక్కుని వేళ్ల దగ్గర దూది పెట్టుకునేది. మోకాలి లిగమెంటు తెగడం అమ్మాయిల్లో ఎక్కువని డాక్టర్లు చెప్తారు. ఆ బూట్లు ఎవరి పాదం కొలిచి చేశారో ఎవరైనా అడిగారా?

పిప్పెట్
నా ల్యాబ్ కోటు ఇప్పటికీ మోకాళ్ల కిందికి వస్తుంది, చేతులు మూడు మడతలు. బర్నర్ దగ్గర ఆ మడత జారితే ప్రమాదం. నిన్న కూడా జారింది.

హాస్టల్_గది_9
అమెరికాలోని పాలోమార్ అబ్జర్వేటరీలో ఆడవాళ్లకి బాత్రూమ్ లేదంటే ఖగోళ శాస్త్రవేత్త వేరా రూబిన్ ఏం చేసిందో తెలుసా? కాగితంతో స్కర్టు కత్తిరించి తలుపు మీదున్న మగబొమ్మకి అంటించి, ఇదిగో ఇప్పుడుంది అంది. ఈ కథ తెలిసినప్పటినుంచి నా బ్యాగులో కత్తెర ఉంటుంది 😄

తొమ్మిదోక్లాసు_అమ్మ
మూడు వారాల తర్వాత రాస్తున్నాను, క్షమించాలి.

అంకెలతోనే వెళ్లాను. రికార్డు పుస్తకం వెనక పేజీలో మా అమ్మాయి గీతలు గీసి పెట్టింది, ఎవరు ఏం చేశారో. హెడ్‌మాస్టరు ఆ పేజీని చాలాసేపు చూశారు. సైన్స్ మేడం మొదట నొచ్చుకున్నారు, తర్వాత అట్టముక్క ఐడియా తీసుకున్నారు. కెమిస్ట్రీ_టీచరు గారికి నమస్కారం.

షార్ట్స్ విషయం నేనే అడిగాను, అందరి ముందూ. సారు తల దించుకుని "ముదురు రంగు వేసుకోవచ్చు" అన్నారు. ఆ ఒక్క మాటకి ఇన్నేళ్లు.

గ్రౌండు పూర్తిగా తేలలేదు. వారానికి రెండు రోజులు అడిగితే ఒక రోజు ఇచ్చారు, బుధవారం, మొదటి నలభై ఐదు నిమిషాలు. మొదటి బుధవారం ఏడుగురు వచ్చారు. బంతిలో గాలి లేదు. పంపు స్టోర్‌రూములో, తాళం ఇంకెవరి దగ్గరో. ఏడుగురూ ఆ మెత్తటి బంతితోనే ఆడారు. రెండో బుధవారం పదకొండు మంది.

వెన్నెల_నాన్న
రెండో రోజు కోసం అడగడం ఆపకండి. పదకొండు అన్న అంకె రాసి పెట్టుకోండి. పంపు బయట పెట్టమనండి.

మిడిల్‌స్టంప్
బంతి, పంపు నా తరఫున. అడ్రసు ఇక్కడ రాయకండి, మెసేజ్ పెట్టండి.

తొమ్మిదోక్లాసు_అమ్మ
పెట్టాను అన్నా. ఈ గురువారం ల్యాబులో మా అమ్మాయి వంతు కడగడం. బర్నర్ వచ్చే వారం. అగ్గిపుల్ల తన వైపు గీయాలా, అవతలికి గీయాలా అని పొద్దున్నించి మూడుసార్లు అడిగింది.